పాత లారీకి కొత్త డీజిల్.. పంపు కారితే తప్పెవరిది?

డీజిల్‌లో సల్ఫర్ తగ్గాక పాత ఇంజిన్లు పాడవుతున్నాయన్నది డ్రైవర్లలో బలంగా ఉన్న మాట. అందులో నిజమెంత? అపోహ ఎంత? ఈ తేడా తెలిసిన మెకానిక్‌కు పల్లెలోనూ పని దొరుకుతుంది.

మీరు కోస్గిలో రోడ్డు పక్కన ఒక మెకానిక్ షెడ్డులో పని నేర్చుకుంటున్నారని అనుకోండి. పొద్దున్నే ఒక పాత లారీ వచ్చి ఆగింది. వయసు 18 ఏళ్లు. తాండూరు బండలు, సీజన్‌లో వడ్లు, కందులు మోసే బండి. ఉస్తాద్ ఇంకా రాలేదు. డ్రైవర్ దిగి బానెట్ ఎత్తి చూపిస్తాడు. పంపు చుట్టూ డీజిల్ తడి, దానికి పట్టిన దుమ్ము.

"కొత్త డీజిల్ వచ్చినకాడి నుంచి గిదే లొల్లి తమ్మీ. గంధకం తీసేసిండ్రంట గద, పంపుకు చమురు లేకుండ పోయింది. పంపు దించాల్నా? రెండు లీటర్ల పాత ఇంజినాయిల్ ట్యాంకుల పోస్తే సరిపోతదా?"

మీరేం చెప్తారు?

'అవునే కాకా, డీజిల్‌దే తప్పు' అనేస్తే పని తేలిక. కానీ ఆ ఒక్క మాటతో అతను వేల రూపాయలు పెట్టి అక్కర్లేని పంపు రిపేరు చేయించుకోవచ్చు. లేదంటే ట్యాంకులో నల్ల నూనె పోసి, బాగున్న పంపును నిజంగానే పాడుచేసుకోవచ్చు. ఒక్క లారీ మీద బతికే ఇల్లు అది. కాబట్టి జవాబు చెప్పే ముందు సంగతేంటో తెలుసుకుందాం.

సల్ఫర్ ఎంత తగ్గింది?

ముడి చమురులో సల్ఫర్ సహజంగానే ఉంటుంది. డీజిల్‌లో అది ఎంత ఉండొచ్చో భారత్ స్టేజ్ ప్రమాణాలు చెబుతాయి. దీన్ని పీపీఎంలో, అంటే పది లక్షల భాగాల్లో ఎన్ని భాగాలు అనే లెక్కలో కొలుస్తారు. 2000 ప్రాంతంలో పరిమితి 2500 పీపీఎం. బీఎస్-2లో 500కి, బీఎస్-3లో 350కి, బీఎస్-4లో 50కి దిగింది. బీఎస్-6లో 10 మాత్రమే.

అంకెలు కాస్త అయోమయంగా ఉంటే ఇలా చూడండి. 200 లీటర్ల డీజిల్ బరువు సుమారు 166 కిలోలు. 2500 పీపీఎం రోజుల్లో ఆ ట్యాంకులో 400 గ్రాములకు పైగా సల్ఫర్ ఉండే అవకాశం ఉంది. 350 పీపీఎం డీజిల్‌లో అది దాదాపు 58 గ్రాములు. ఇప్పుడు 2 గ్రాములు కూడా లేదు.

ఈ మార్పు అన్నిచోట్లా ఒకేసారి రాలేదు. 2010లో బీఎస్-4 ఇంధనం ముందుగా హైదరాబాద్‌తో సహా 13 నగరాలకే వచ్చింది. మిగతా ప్రాంతాల్లో బీఎస్-3 డీజిలే నడిచింది. అంటే మన దగ్గరి లారీ పట్నం పోయినప్పుడు ఒక రకం, ఇంటికొచ్చినప్పుడు ఇంకో రకం తాగింది! 2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-4, 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 ఇంధనం వచ్చింది. మధ్యలో బీఎస్-5ను వదిలేశారు.

ఇది పాత లారీ కోసం చేసిన డీజిల్ కాదు. కొత్త బండ్ల సైలెన్సర్ వరుసలో పొగను శుద్ధి చేసే ఫిల్టర్లు, ఉత్ప్రేరకాలు ఉంటాయి. సల్ఫర్ వాటికి విషం లాంటిది. వాటి కోసం సల్ఫర్ తీసేశారు. బంకులో పాత బండికో డీజిల్, కొత్త బండికో డీజిల్ అని వేరుగా దొరకదు. ట్రాక్టర్‌కైనా, జనరేటర్‌కైనా అదే. కాబట్టి 'వాడాలా, వద్దా' అన్న ప్రశ్నే లేదు. వాడుతూ బండిని ఎలా కాపాడుకోవాలన్నదే మిగిలింది.

పంపుకు డీజిలే చమురు

డ్రైవర్ మాటలో కొంత నిజముంది. డీజిల్ పంపులో ప్లంజర్, బ్యారెల్ అనే జోడీ ఉంటుంది. వాటి మధ్య సందు కొద్ది మైక్రాన్లే. మన తల వెంట్రుక మందం అందుకు ఎన్నో రెట్లు ఎక్కువ. అంత సన్న సందులో గ్రీజు పెట్టలేం, ఆయిల్ పోయలేం. లోపలికి వచ్చే డీజిలే ఆ ఇనుము అరగకుండా చూసుకోవాలి. ఈ గుణాన్ని లూబ్రిసిటీ అంటారు.

అయితే కందెనగా పనిచేసేది సల్ఫర్ కాదు. ఇక్కడే చాలామంది పొరబడతారు. రిఫైనరీలో హైడ్రోజన్‌తో సల్ఫర్‌ను తొలగించేటప్పుడు, ఇనుముకు అంటుకుని రక్షణ పొరలా నిలిచే మరికొన్ని పదార్థాలు కూడా పోతాయి. డీజిల్ 'పొడి'గా మారేది వాటివల్లే.

దీన్ని ప్రపంచం ముందే చూసింది. స్వీడన్ 1991లో పన్ను రాయితీలిచ్చి 10 పీపీఎం డీజిల్‌ను ప్రోత్సహించింది. కొద్దికాలానికే అక్కడ ఇంజెక్షన్ పంపులు త్వరగా అరిగిపోవడం మొదలైంది. అప్పుడు డీజిల్‌లో లూబ్రిసిటీ పెంచే రసాయనాన్ని చాలా కొద్ది మోతాదులో కలిపారు. సమస్య అదుపులోకి వచ్చింది.

ఆ అనుభవం నుంచే ఒక పరీక్ష పుట్టింది. 60 డిగ్రీల వేడి డీజిల్‌లో చిన్న ఉక్కు గుండును ఉక్కు బిళ్ల మీద 75 నిమిషాలు రుద్దుతారు. గుండు మీద పడ్డ అరుగుదల మచ్చ 460 మైక్రాన్లు, అంటే అర మిల్లీమీటరు లోపే ఉండాలి. మన దేశపు డీజిల్ ప్రమాణంలోనూ ఈ పరిమితి ఉంది. అంటే సల్ఫర్ తీసేసిన చోట పోయిన కందెన గుణాన్ని బంకుకు రాకముందే తిరిగి చేరుస్తున్నారు.

ఇంకో సంగతి. పాత టాటా, లేలాండ్ లారీల్లో ఎక్కువగా కనిపించేది ఇన్‌లైన్ పంపు. మన షెడ్లలో ఇప్పటికీ దాన్ని 'మైకో పంపు' అనే అంటారు. 1951లో బెంగళూరులో మొదలైన మైకో కంపెనీ 2008లో బాష్ లిమిటెడ్‌గా పేరు మార్చుకుంది, మెకానిక్‌ల నోట్లో పాత పేరే నిలిచిపోయింది. ఈ పంపులో కింద ఉండే క్యామ్ షాఫ్ట్‌కు ఇంజిన్ ఆయిల్ అందుతుంది. పైన ప్లంజర్లకు మాత్రమే డీజిల్ ఆధారం. అదే గుండ్రంగా ఉండే రోటరీ పంపు అయితే లోపలి భాగాలన్నిటికీ డీజిలే దిక్కు. డీజిల్ నాణ్యత తగ్గితే ముందు దెబ్బ తినేది రోటరీ పంపే. షెడ్డుకు వచ్చిన బండికి ఏ పంపు ఉందో ముందు చూడమనేది ఇందుకే.

మరి లీకు ఎందుకు?

లీకుకూ అరుగుదలకూ సంబంధం తక్కువ. లీకు రబ్బరు సమస్య.

పాత పంపుల్లో ఓ-రింగులు, సీళ్లు నైట్రైల్ రబ్బరుతో చేసినవి. పాత డీజిల్‌లోని ఆరోమాటిక్ పదార్థాలను పీల్చుకుని ఆ రబ్బరు కాస్త ఉబ్బి, సందును గట్టిగా పట్టుకుని ఉంటుంది. సల్ఫర్ తీసే క్రమంలో ఈ పదార్థాలు కూడా కొంత తగ్గుతాయి. అప్పుడు రబ్బరు కొద్దిగా ముడుచుకుంటుంది. రబ్బరు కొత్తదైతే సర్దుకుంటుంది. ఏళ్ల తరబడి ఇంజిన్ వేడికి గట్టిపడిపోయి ఉంటే సర్దుకోలేదు, కారుతుంది. 1993లో అమెరికాలో సల్ఫర్ తక్కువ డీజిల్ వచ్చినప్పుడు కొన్ని పాత బండ్లలో జరిగింది ఇదే.

దీనికి పంపు మొత్తం మార్చక్కర్లేదు. ఆ సీళ్లను వైటాన్ రకం రబ్బరుతో మార్చితే చాలు. ధర కొంచెం ఎక్కువే గానీ, డీజిల్ మారినా ఆ రబ్బరు పెద్దగా ఉబ్బదు, ముడుచుకోదు.

ఇక్కడ మీరు డ్రైవర్‌ను అడగాల్సిన మాట ఒకటుంది. 'కాకా, లీకు ఎప్పటి సంది?' అని. బీఎస్-6 డీజిల్ వచ్చి ఐదేళ్లు దాటింది. లీకు పోయిన నెలలో మొదలైతే నేరం డీజిల్ మీద మోపడం కష్టం. వయసైపోయిన రబ్బరు, వదులైన బోల్టు, రెండోసారి వాడిన రాగి వాషర్.. వీటిలో ఏదో ఒకటి అయి ఉంటుంది.

పాత ఇంజిన్‌కు లాభమూ ఉంది

ఈ సంగతి ఎవరూ చెప్పరు. సల్ఫర్ కాలితే వచ్చే వాయువు, తేమతో కలిసి సల్ఫ్యూరిక్ ఆమ్లం అవుతుంది. అది లైనర్లను, రింగులను తినేస్తుంది. ఇంజిన్ ఆయిల్‌లో ఆమ్లాన్ని విరిచే క్షార గుణం త్వరగా ఖర్చవుతుంది. సల్ఫర్ తగ్గితే ఈ బెడద తగ్గుతుంది, ఇంజిన్ లోపలి భాగాలకు అది మేలే. అలాగని ఆయిల్ మార్చే గడువును ఇష్టమొచ్చినట్టు పెంచేయొద్దు. దుమ్ము, మసి, డీజిల్ కలవడం లాంటి ఇతర కారణాలు అలాగే ఉంటాయి.

నల్ల పొగ సంగతి? డీజిల్ మారినంత మాత్రాన అది పోదు. నల్ల పొగ అంటే సరిగా కాలని ఇంధనం. నాజిల్, పంపు సెట్టింగ్, ఎయిర్ ఫిల్టర్ చూడాల్సిందే. మైలేజీ విషయంలో, సల్ఫర్ తీసిన డీజిల్‌లో లీటరుకు శక్తి చాలా స్వల్పంగా, సుమారు ఒక శాతం తగ్గొచ్చు. లీటరుకు ఒక కిలోమీటరు పడిపోయిందని ఎవరైనా అంటే కారణం ఇంకెక్కడో ఉంది.

ట్యాంకులో ఏం పోయొద్దు?

పాత ఇంజిన్ ఆయిల్: డ్రైవర్ అడిగింది ఇదే. అందులో మసి, సన్నని ఇనుప రజను ఉంటాయి. ఫిల్టర్ త్వరగా మూసుకుపోతుంది, దాటిపోయిన రజను ప్లంజర్‌ను గీస్తుంది. కాపాడాలని పోసిందే పంపును తినేస్తుంది.

కిరోసిన్: ఇది డీజిల్ కంటే పలుచన, కందెన గుణం తక్కువ. సల్ఫర్ తగ్గడం కన్నా కిరోసిన్ కల్తీ పంపుకు పెద్ద శత్రువు. పైగా నేరం.

టూ-స్ట్రోక్ ఆయిల్: లూబ్రిసిటీ మందు డీజిల్‌లో ముందే కలిసి ఉంటుంది. మంచి బంకులో పోయించుకునే బండికి ఇది అదనపు ఖర్చే. బీఎస్-6 బండిలో మాత్రం అసలే వద్దు. దాని బూడిద పొగ ఫిల్టర్‌లో పేరుకుంటుంది. పాత బండికి అలవాటైన చిట్కాను కొత్త బండిలో వాడి లక్షల ఖర్చు తెచ్చిపెట్టకండి.

డీజిల్ మీదే అనుమానం ఉంటే బంకులోనే తేల్చుకోవచ్చు. హైడ్రోమీటర్, థర్మామీటర్‌తో సాంద్రత చూపించమని అడిగే హక్కు వినియోగదారుడికి ఉంది. 15 డిగ్రీలకు సరిచేసిన ఆ అంకె, ట్యాంకర్‌తో వచ్చిన చలానాలోని అంకెతో పోలిస్తే 0.003కు మించి తేడా ఉండకూడదు.

షెడ్డులో వరుసగా చూడండి

పానా పట్టే ముందు ఈ వరుస గుర్తుపెట్టుకోండి.

మొదట తుడవండి. పంపును, పైపులను శుభ్రంగా తుడిచి, ఇంజిన్ స్టార్ట్ చేసి, తడి మొదట ఎక్కడ కనిపిస్తుందో చూడండి. పైన కారిన డీజిల్ కిందికి జారి అక్కడే లీకు ఉన్నట్టు మోసం చేస్తుంది.

తర్వాత చవకైనవి చూడండి. బాంజో బోల్టుల రాగి వాషర్లు, ఫీడ్ పంప్, హ్యాండ్ ప్రైమర్, రిటర్న్ పైపులు, ఫిల్టర్ గిన్నె సీలు. ఎక్కువ లీకులు ఇక్కడే దొరుకుతాయి.

ఫిల్టర్ అడుగున నీళ్లు తీసి చూడండి. నీళ్లు, తుప్పు ఉంటే ట్యాంకు కడగాల్సిందే. సగం ఖాళీ ట్యాంకుతో రోజుల తరబడి నిలబడ్డ బండిలో తేమ చేరుతుంది. నీళ్లకు కందెన గుణం లేదు. పంపును అరగదీసేది, తుప్పు పట్టించేది అవే.

స్టార్టింగ్ ఎలా ఉందో అడగండి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు మొరాయించి, ప్రైమర్ కొట్టగానే స్టార్ట్ అయితే గాలి చొరబడుతోందని, డీజిల్ వెనక్కి జారిపోతోందని అనుమానించాలి. పొద్దున బాగానే స్టార్ట్ అయి, వేడెక్కాక ఆపి మళ్లీ తీస్తే మొరాయిస్తే ప్లంజర్లు అరిగి ఉండొచ్చు. వేడికి డీజిల్ పలుచనై అరిగిన సందులోంచి జారిపోతుంది, కావాల్సిన ప్రెషర్ రాదు.

ఆయిల్ డిప్‌స్టిక్ తీయండి. ఇంజిన్ ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరిగిందా? డీజిల్ వాసన వస్తోందా? అయితే పంపులోంచి డీజిల్ ఆయిల్‌లోకి దిగుతుండొచ్చు. ఇది ప్రమాదకరం. పలుచబడిన ఆయిల్‌తో బేరింగులు పోతాయి. అలాంటి బండిని లోడుతో పంపొద్దు.

ఇవన్నీ చూశాకే పంపు దించడం. దించితే టెస్ట్ బెంచ్ ఉన్న చోటికే పంపాలి. చెవితో విని, చేత్తో తిప్పి ప్లంజర్ సెట్టింగ్ మార్చేవాళ్లు ఇంకా ఉన్నారు. మీరు ఆ పని చేయకండి.

దీంతో ఉపాధి ఎలా?

పాలమూరు పల్లెల నుంచి బొంబాయి, పుణె బస్సెక్కిన కుటుంబాలు మీకు తెలిసే ఉంటాయి. ఉన్న ఊళ్లో చేతిలో పని ఉంటే ఆ బస్సెక్కాల్సిన అవసరం కొందరికైనా తప్పుతుంది. డీజిల్ మెకానిక్ పని అలాంటిదే. లారీలు తగ్గినా ట్రాక్టర్లు, వరికోత యంత్రాలు, బోర్‌వెల్ బండ్లు, జేసీబీలు, జనరేటర్లు మన చుట్టూ ఉన్నాయి. వాటిలో పాత పంపులున్నవి ఇంకా ఎన్నో.

పదో తరగతి పాసైతే ఐటీఐలో మెకానిక్ డీజిల్ ట్రేడ్‌లో చేరొచ్చు. కాలవ్యవధి ఏడాది. రెండేళ్ల మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడ్ కూడా ఉంది. కోర్సు అయ్యాక అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్‌లో నమోదైతే స్టైపెండ్‌తో పని నేర్చుకోవచ్చు. ఆర్టీసీలో శ్రామిక్ పోస్టులకు నోటిఫికేషన్ పడితే ఈ ట్రేడ్‌ల వారికి అవకాశం ఉంటుంది. చదువు కొనసాగించాలంటే పాలిటెక్నిక్‌లో మెకానికల్, ఆటోమొబైల్ డిప్లొమాలు ఉన్నాయి.

ఒక మాట మాత్రం దాచకూడదు. ఐటీఐ సర్టిఫికెట్‌తోనే పంపు పని రాదు. ప్లంజర్ పని, కాలిబ్రేషన్, నాజిల్ ప్రెషర్ పెట్టడం పంపు షాపులో చేతులు నల్లబడితేనే వస్తాయి. ఒకట్రెండేళ్లు మంచి ఉస్తాద్ దగ్గర పనిచేయండి. జీతం తక్కువైనా టెస్ట్ బెంచ్ ఉన్న షాపునే ఎంచుకోండి. చూసిన ప్రతి బండి వివరాన్ని నోటుబుక్కులో రాసుకోండి. ఏ పంపు, ఏ కంప్లయింట్, చివరికి దొరికిన కారణం ఏంటి.. ఏడాది తిరిగేసరికి ఏ పుస్తకంలోనూ లేని పాఠాలు మీ చేతిలో ఉంటాయి.

సొంతంగా పెట్టుకోవాలనుకుంటే మొదటిరోజే టెస్ట్ బెంచ్ కొనాలని చూడకండి. అది ఖరీదైనది, దుమ్ము చేరని గది కావాలి. నాజిల్ టెస్టర్, ఫిల్టర్లు, సీల్ కిట్లు, రాగి వాషర్లతో మొదలుపెట్టొచ్చు. ముద్ర పథకంలో శిశు విభాగం కింద రూ.50 వేల వరకు, కిశోర్ కింద రూ.5 లక్షల వరకు బ్యాంకులు రుణమిస్తాయి.

పాత పంపుల దగ్గరే ఆగిపోవద్దు. ఈ లారీలు ఏటికేడు తగ్గుతాయి. కామన్ రైల్, సెన్సర్లు, స్కానర్ కూడా నేర్చుకోండి. ఇనుము ఎలా అరుగుతుందో, ప్రెషర్ ఎందుకు పడిపోతుందో పాత పంపు మీద అర్థమైన వాళ్లకు కొత్త సిస్టం తొందరగా పట్టుబడుతుంది. స్కానర్ చూపించిన కోడ్‌ను గుడ్డిగా నమ్మకుండా 'ఎందుకు' అని అడిగేది వాళ్లే.

ఇప్పుడు డ్రైవర్‌కు ఏం చెప్తారు?

షెడ్డు ముందు ఆగిన లారీ దగ్గరికి మళ్లీ వద్దాం. మీరు పంపు తుడిచారు. స్టార్ట్ చేసి చూశారు. తడి ఫీడ్ పంప్ దగ్గర మొదలవుతోంది. డిప్‌స్టిక్ బాగుంది. వేడి మీద ఆపి తీస్తే బండి టక్కున అందుకుంది.

"కాకా, పంపు మంచిగనే ఉన్నది. ఫీడ్ పంపు రబ్బరు గట్టిపడ్డది, రాగి వాషర్లు అరిగినయి. అవి మార్చుకుంటె సాలు. పాత నూనె మాత్రం పొయ్యకు. ఫిల్టర్ టైముకు మార్చు, రోజు పొద్దుగాల నీళ్లు తీస్తుండు."

బిల్లు వందల్లో తేలుతుంది. పంపు దించితే ఉస్తాద్‌కు ఎక్కువ వచ్చేదే. కానీ ఆ డ్రైవర్ రేపు కొడంగల్‌లోనో, తాండూరులోనో తోటి డ్రైవర్లకు చెప్పే మాట మీకు పది బండ్లను తెస్తుంది. ఈ పనిలో పేరు అలాగే వస్తుంది. తప్పు ఎక్కడుందో చూసి చెప్పడం నేర్చుకోండి, చూడకముందే డీజిల్ మీద తోసేయకండి.